కుట్లు విప్పిన జెర్సీ

ఛత్రినాక నుంచి
పెద్దనాన్న రాసేది.

మొన్న మీ అమ్మ బీరువా సర్దుతుంటే నీ పాత నారింజ సన్‌రైజర్స్ జెర్సీ బయటపడింది. వెనకాల 31 అంకె, పైన వార్నర్ పేరు చెక్కుచెదరలేదు. ముందువైపు, గుండె దగ్గర మాత్రం సూది కంతలు వరసగా కనిపిస్తున్నాయి. జట్టు గుర్తు ఉన్నచోట బట్ట కొత్తదానిలా ఉంది, చుట్టూ రంగు వెలిసిపోయింది. 2021 మే మొదటి వారంలో అరుగు మీద కూర్చుని, బ్లేడుతో ఒక్కో కుట్టూ విప్పి ఆ గుర్తును పీకేశావు. అప్పుడు నీకు పదహారేళ్లు. కరోనా రెండోసారి విరుచుకుపడి, లాల్ దర్వాజా నుంచి ఉప్పుగూడ దాకా ఏ ఇంటి నుంచి ఏ కబురు వినాల్సి వస్తుందోనని జనం బిక్కుబిక్కుమంటున్న రోజులవి. అంత భయంలోనూ నీ కంట్లో నీళ్లు వార్నర్ కోసం వచ్చాయి. మీ నాన్న కసురుకున్నాడు గానీ పెద్దనాన్న కసరలేదు.

జెర్సీ చేతికిస్తూ మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఫోన్ చేయకుండా కాగితం మీద రాయడానికి కారణం ఆ మాటే. దాని దగ్గరికి వచ్చే ముందు ఆ మే నెలను ఒకసారి తిరగేయాలి.

2021 మే 1, శనివారం. ఐపీఎల్ నడిమధ్యలో సన్‌రైజర్స్ హైదరాబాద్ యాజమాన్యం ఒక ప్రకటన ఇచ్చింది. మర్నాటి మ్యాచ్ నుంచి సీజన్ చివరిదాకా వార్నర్ బదులు కేన్ విలియమ్సనే కెప్టెన్ అని, విదేశీ ఆటగాళ్ల కూర్పు కూడా మారుతుందని అందులో ఉంది. వార్నర్ చేసిన సేవ మీద గౌరవం ఉందని ఒక వాక్యం కలిపారు. మర్నాడు ఢిల్లీలో రాజస్థాన్ రాయల్స్‌తో మ్యాచ్‌కి వార్నర్‌ను తుది జట్టులోకే తీసుకోలేదు. అతని చోట మహమ్మద్ నబీ వచ్చాడు. అయిదేళ్ల కింద కప్పు ఎత్తిన మనిషి తోటివాళ్లకు నీళ్ల సీసాలు అందిస్తుంటే దేశమంతా టీవీలో చూసింది. ఆ రోజు జోస్ బట్లర్ 124 కొట్టాడు, హైదరాబాద్ 55 పరుగులతో ఓడింది. మే 4న కరోనా వల్ల టోర్నీయే ఆగిపోయింది.

అభిమానులు ఊరికే మండిపడలేదు. వార్నర్ ఈ జట్టుకు 2015లో 562, 2016లో 848, 2017లో 641 పరుగులు చేశాడు. బాల్ ట్యాంపరింగ్ శిక్షతో 2018 సీజన్ పోగొట్టుకుని, తిరిగొచ్చిన 2019లో 692 చేశాడు. మూడుసార్లు ఆరెంజ్ క్యాప్ అతనిదే. 2016 మే 29న బెంగళూరులో, బెంగళూరు జట్టు మీదే, 8 పరుగుల తేడాతో ఫైనల్ గెలిచినప్పుడు కెప్టెన్ అతనే, 69 పరుగులు చేసిందీ అతనే. ఆటకు మించిన సంగతి ఇంకొకటుంది. 2020లో లాక్‌డౌన్‌లో ప్రపంచమంతా ఇళ్లలో ఉన్నప్పుడు, ఆస్ట్రేలియాలో భార్యాపిల్లలతో కలిసి ‘బుట్ట బొమ్మ’ పాటకు స్టెప్పులేశాడు. మన గల్లీలో క్రికెట్ అర్థం కాని ముసలమ్మలు కూడా ఆ వీడియో చూసి నవ్వుకున్నారు. అప్పటికే మనోళ్లకు అతను ‘వార్నర్ భాయ్’, ‘వార్నర్ మామ’. మామ అని పిలిచాక అది జీతానికి ఆడే ఆటగాడితో ఉండే సంబంధం కాదు.

అయినా రెండోవైపు కూడా చూడాలి బిడ్డా. అప్పటికి జట్టు ఆరు మ్యాచులాడి ఒక్కటే గెలిచింది. వార్నర్ 193 పరుగులు చేసినా వేగం లేదు. ఏప్రిల్ 28న చెన్నై మీద 55 బంతుల్లో 57 చేసి, ఓటమి బాధ్యత తనదేనని తనే ఒప్పుకున్నాడు. దానికి మూడు రోజుల ముందు ఢిల్లీతో మ్యాచ్ సూపర్ ఓవర్లో పోయింది. ఆ మ్యాచ్‌కు మనీష్ పాండేను పక్కన పెట్టడం కఠినమైన నిర్ణయమని, అది సెలెక్టర్లదని మైకు ముందే అనేశాడు. కెప్టెన్‌కీ జట్టు నడిపేవాళ్లకీ మధ్య బీట పడిందని ఆ రోజే ఊరందరికీ తెలిసిపోయింది. తుది జట్టులో విదేశీయులు నలుగురికి మించకూడదు. బెయిర్‌స్టో, విలియమ్సన్, రషీద్ ఖాన్ ఉండగా నాలుగో చోటు ఎవరికన్నది నిజంగానే చిక్కు లెక్క. క్రికెట్ డైరెక్టర్ టామ్ మూడీ ఆ లెక్కే చెప్పాడు. ఈ కబురుకు వార్నర్ నిర్ఘాంతపోయాడనీ, బాధపడ్డాడనీ కూడా అతనే చెప్పాడు.

నిర్ఘాంతపోవడం. పెద్దనాన్నకు ఇక్కడే ముల్లు గుచ్చుకుంటుంది. ఏడేళ్లుగా ఇంట్లో మనిషిలా ఉన్నవాడు ఆ నిర్ణయం విని నిర్ఘాంతపోయాడంటే, ముందునుంచీ అతనితో ఎవరూ మనసు విప్పి మాట్లాడలేదన్నట్టే కదా. సీజన్ అయిపోయాక వార్నర్ చెప్పుకున్నదీ అదే. తనను ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పలేదన్నాడు.

పగ్గాలు మార్చడమే పాపమైతే మన ఊరికి 2009 కప్పు వచ్చేదే కాదు. డెక్కన్ ఛార్జర్స్ మొదటి ఏడాది, 2008లో, కెప్టెన్ మన లక్ష్మణ్. వేలంలో జట్టు చేతిలో ఎక్కువ డబ్బు మిగలాలని ఐకాన్ హోదానే వదులుకున్న మనిషి ఆయన. పద్నాలుగు మ్యాచుల్లో రెండే గెలిచి జట్టు అట్టడుగున నిలిచింది. లక్ష్మణ్ గాయపడ్డాక గిల్‌క్రిస్ట్ ముందుకొచ్చాడు, తర్వాతి ఏడాదికి పగ్గాలు పూర్తిగా అతనివే. సొంత ఊరి బిడ్డను కాదన్నారని ఛత్రినాకలో చాయ్ హోటల్ ముందు ఎన్ని వాదులాటలో. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగులతో ఓడించి అదే జట్టు కప్పు కొట్టింది. వాదించినవాళ్లే పటాకులు కాల్చారు. ఆ తర్వాత 2013లో సన్‌రైజర్స్ వచ్చినప్పుడు లక్ష్మణ్ మెంటార్‌గా మళ్లీ ఈ డగౌట్‌లోనే కూర్చున్నాడు. మనిషిని పదవి నుంచి దించినా అతను తిరిగి రాగలిగేలా గుమ్మం తెరిచి ఉంచవచ్చన్నమాట.

సన్‌రైజర్స్‌కు ఇది అలవాటు కూడా. 2014లో సీజన్ మధ్యలోనే శిఖర్ ధావన్ నుంచి డారెన్ సామీకి కెప్టెన్సీ పోయింది. వార్నర్ చోట వచ్చిన విలియమ్సన్‌ను 2022 నవంబర్లో వదిలేశారు. తర్వాత మార్‌క్రమ్, ఆ తర్వాత కమిన్స్. మైదానంలో ఆడేవాడి మీదే కాదు, ఆఫీసులో కూర్చున్నవాడి మీద కూడా వేటు ఇలాగే పడుతుంది. 2008 మేలో, సీజన్ నడుస్తుండగానే, బెంగళూరు జట్టు సీఈవో చారు శర్మను విజయ్ మాల్యా తప్పించి బ్రిజేష్ పటేల్‌ను కూర్చోబెట్టాడు. ఆ ఏడాది బెంగళూరు కింది నుంచి రెండో స్థానంలో నిలిచింది, దాని కింద ఉన్నది మన జట్టే.

హాకీలో చూడు. 1998 డిసెంబర్లో, 32 ఏళ్ల తర్వాత, బ్యాంకాక్‌లో మనవాళ్లు ఆసియా క్రీడల స్వర్ణం గెలిచారు. ఆ సంబరం చల్లారకముందే కెప్టెన్ ధన్‌రాజ్ పిళ్లైతో పాటు మరికొందరిని జట్టు నుంచి, ఎం.కె. కౌశిక్‌ను కోచ్ పదవి నుంచి తప్పించారు. గెలిచినవాణ్ని కూడా తీసేస్తారని దేశం ఆ రోజు చూసింది. 2017 సెప్టెంబర్లో కోచ్ ఓల్ట్‌మన్స్‌ను తీసేస్తే మాత్రం, అక్టోబర్లో కొత్త కోచ్ మరైన్ కింద జట్టు ఢాకాలో ఆసియా కప్ గెలిచింది. కాబట్టి ఫలితాన్ని చూసి తీసేయడం న్యాయమో అన్యాయమో తేల్చలేం.

తెలుగు నేలకు సంబంధించిన కథ ఇంకా పాతది. విజయనగరం రాజవంశపు మనిషి విజ్జీ 1936లో భారత జట్టు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లాడు. భారత్ తరఫున టెస్టుల్లో మొదటి సెంచరీ కొట్టిన లాలా అమర్‌నాథ్ ఆ జట్టులోనే ఉన్నాడు. లార్డ్స్‌లో ఒక మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకుని కూర్చున్న అతన్ని బ్యాటింగ్‌కు పంపకుండా వెనక్కి నెడుతూ పోయారు. డ్రెస్సింగ్ రూమ్‌లో అమర్‌నాథ్ సామాన్లు విసిరి పంజాబీలో గొణిగాడు. కెప్టెన్ విజ్జీ, మేనేజర్ మేజర్ బ్రిటన్ జోన్స్ కలిసి, మొదటి టెస్టు కూడా ఆడనివ్వకుండా అతన్ని ఓడ ఎక్కించి ఇంటికి పంపారు. దేశంలో దుమారం రేగింది. అప్పుడు బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ అధ్యక్షతన విచారణ వేశారు. అమర్‌నాథ్‌ది తప్పు కాదని, కెప్టెన్సీ బాగోలేదని 1937 జనవరిలో తేల్చారు. జనం కోపం ‘ఎందుకు’ అని అడిగే ప్రశ్నగా మారింది కాబట్టి, దానికి ఒక జవాబు వచ్చింది. అయినా అమర్‌నాథ్ మళ్లీ టెస్టు ఆడింది 1946లోనే. మధ్యలో పోయిన పదేళ్లను ఏ విచారణా తిరిగివ్వలేదు.

2021లో మన కోపం అలా ప్రశ్నగా మారలేదు. జెర్సీ గుర్తు పీకేసిన రాత్రి నువ్వు ఫోన్‌లో ఏమేం రాశావో పెద్దనాన్న చదివాడు. మూడు సంగతులు రాశావు. వార్నర్ లేకపోతే ఈ జట్టే అక్కర్లేదన్నది మొదటిది, అది నీ ఇష్టం. పగ్గాలు అందుకున్న విలియమ్సన్‌ను దొంగ అన్నది రెండోది. అతను 2018లో ఇదే జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లినవాడు, ఈ మార్పు కోసం పైరవీ చేశాడని ఎవరూ అనలేదు. మూడోది, యజమానుల ఇంటి ఆడపిల్ల గురించి రాసినది. దాన్ని ఇక్కడ మళ్లీ రాయడానికి చెయ్యి రాదు. బ్యాటింగ్ ఆర్డర్ మీద కోపం ఒక ఆడపిల్ల ఒంటి మీదికి, మొహం మీదికి పోవాల్సిన పనేముంది? అప్పుడే పిలిచి చెప్పాల్సింది. పదహారేళ్ల పిల్లవాడు, ఏడుస్తున్నాడని ఊరుకోవడం పెద్దనాన్న తప్పు.

ఆ ఏడాది సెప్టెంబర్లో దుబాయ్‌లో టోర్నీ మళ్లీ మొదలైంది. వార్నర్ రెండు మ్యాచులాడి 0, 2 చేశాడు. ఆ తర్వాతి మ్యాచ్‌కు అతను స్టేడియంలో కూడా కనిపించలేదు. ఒక అభిమాని అడిగితే, ఇక మైదానానికి రాననీ, అయినా జట్టుకు మద్దతు ఆపొద్దనీ బదులిచ్చాడు. కానీ తర్వాత కొన్ని మ్యాచులకు వచ్చి గ్యాలరీలో కూర్చుని, అదే జట్టు జెండా ఊపాడు. పద్నాలుగు మ్యాచుల్లో మూడే గెలిచి హైదరాబాద్ చిట్టచివర నిలిచింది. నవంబర్ 14న ఆస్ట్రేలియా టీ20 ప్రపంచకప్ గెలిస్తే, టోర్నీలో 289 పరుగులు చేసి మేటి ఆటగాడిగా నిలిచింది వార్నరే. 2022 మే 5న ఢిల్లీ తరఫున, మన జట్టు మీదే, 92 నాటౌట్. ఆ రోజు నువ్వు ఎవరి పక్షాన ఉండాలో తెలియక టీవీ ముందు నుంచి లేచి వెళ్లిపోయావు. అవమానం మోసిన మనిషే జెండా ఊపుతుంటే, అతని పేరు మీద మనం తిట్లు రాశాం. పెద్దనాన్నకు ఇప్పటికీ సిగ్గనిపించేది అందుకే.

ఇక మీ అమ్మ చెప్పిన మాట.

ఇప్పుడు నువ్వు మియాపూర్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటున్నావు. ఆదివారం ఆదివారం వచ్చి బస్తీ జట్టుకు ఆడుతున్నావు. గ్రౌండ్ బుక్ చేయడం, చందాలు వసూలు చేయడం, టోర్నమెంట్లకు పేరివ్వడం అంతా నీ చేతుల మీదుగానే జరుగుతోందట, సంతోషం. ఆ జట్టును పెట్టింది ఎదురింటి అన్న. నీకు బ్యాట్ పట్టుకోవడం నేర్పింది అతనే. కిట్ బ్యాగు స్కూటీ ముందు పెట్టుకుని గౌలిపురా నుంచి తోలుకొచ్చేది అతనే. ఈ మధ్య అతని భుజం పనిచేయట్లేదు, పరుగులు రావట్లేదు, చిన్నవాళ్ల మీద అరుస్తున్నాడు. నిజమే కావచ్చు. నువ్వూ ఇంకో ముగ్గురూ కలిసి కెప్టెన్‌ను మార్చాలనుకున్నారు. అనుకునే హక్కు మీకుంది.

కానీ ఆ కబురు అతనికి ఎలా చేరింది? రాత్రి పన్నెండింటికి వాట్సాప్ గ్రూపు నుంచి పేరు తీసేశారు. పొద్దున లేచి ఫోన్ చూసుకుంటే, పన్నెండేళ్ల కింద తను మొదలుపెట్టిన జట్టులో తను లేడు. ఆ సంగతి వాళ్లమ్మ కూరగాయల బండి దగ్గర మీ అమ్మకు చెప్పిందట, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

సన్‌రైజర్స్ అయినా ఒక ప్రకటన ఇచ్చింది. సేవకు గౌరవం ఉందని ఒక్క వాక్యమైనా రాసింది. మీరు అది కూడా చేయలేదు. ఏ పని చూసి నువ్వు ఆ జెర్సీ కుట్లు విప్పావో అదే పని నీ చేత్తో జరిగింది.

కెప్టెన్సీ అతనికే తిరిగి ఇవ్వమని పెద్దనాన్న అడగడు. జట్టుకు ఎవరు మేలో మీకు తెలుసు. కొత్తగా కెప్టెన్ అయిన కుర్రాణ్ని ఎవరైనా ఎద్దేవా చేస్తే ఆపు, అతను ఎవరి కుర్చీనీ గుంజుకోలేదు. ఎదురింటి అన్నను మాత్రం మళ్లీ గ్రూపులో కలిపి ఊరుకుంటే సరిపోదు. ఆ మనిషి ఎదుట కూర్చుని, ఎందుకు తీశారో, ఎవరెవరు అనుకున్నారో, ఇన్నేళ్లు అతను చేసిందేమిటో నీ నోటితో చెప్పాలి. అతను కోప్పడితే వినాలి. తలుపు మొహాన వేస్తే మర్నాడు మళ్లీ వెళ్లాలి.

ఈ వారం ఆదివారం పొద్దున కాకుండా శనివారం సాయంత్రమే రా. పెద్దనాన్న కూడా నీతో నడుస్తాడు, కానీ గుమ్మం బయటే నిలబడతాడు. లోపల మాట్లాడాల్సింది నువ్వే.

పెద్దనాన్న