నిమ్మతోటల తీరాన ఇద్దరు అపోస్తలులు



కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతాలలో పుట్టి పెరిగిన మనకు సముద్రం దూరపు మాట. గోదావరి, మానేరు మన నీళ్ళు; కుంటాల జలపాతం మన వింత. అందుకే రోము యాత్రకు వెళ్ళినవారు నేపుల్సు దాటి అమాల్ఫి తీరానికి చేరితే చూపు తిప్పుకోలేరు. కొండ నిలువునా సముద్రంలోకి దిగుతుంది. ఇంటిపై ఇల్లు పేర్చినట్లు ఊళ్ళు, మెట్లుమెట్లుగా నిమ్మతోటలు. 1997లో యునెస్కో ఆ తీరాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

చూడండి, తప్పులేదు. ఆ నేపుల్సులోనే చదివి, తరువాత అక్కడే బోధించిన పునీత తోమాసు అక్వీనాసు గారి దృష్టిలో అందమంటే చూడగానే మనసుకు ఆనందం కలిగించేది. అయితే కొంచెం నిదానించి చూడండి. ఆ తోటల గట్లు సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. బండలు పగలగొట్టి, కొండకు మట్టి మోసి, తరతరాలుగా పేదలు నిలబెట్టిన గోడలవి. నిమ్మకాయల బరువును స్త్రీలు మోసుకొని ఆ మెట్లు దిగేవారు. రాతిపని అంటే ఏమిటో కరీంనగరు వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అందాన్ని చూచిన కన్ను దాని వెనుకనున్న చేతులను కూడా చూడాలి.

ఆ తీరాన ఇద్దరు అపోస్తలులు విశ్రమిస్తున్నారు. అమాల్ఫి దేవాలయంలో పునీత అంద్రెయ గారి అవశేషాలున్నాయి. 1208లో వాటిని కాన్‌స్టాంటినోపులు నుండి అక్కడికి తెచ్చారు. అక్కడినుండి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో సలెర్నో దేవాలయం ఉంది. అందులో పునీత మత్తయి గారి సమాధి ఉంది. సువిశేషాలలో అంద్రెయ గారు ఏం చేస్తారో గుర్తున్నదా? ఎవరో ఒకరిని యేసు దగ్గరకు తీసుకువస్తారు. మొదట సొంత సోదరుణ్ణి, తరువాత అయిదు రొట్టెలున్న బాలుణ్ణి, చివరకు పరదేశులైన గ్రీకులను. ఇక మత్తయి గారు తన సువిశేషం 25వ అధ్యాయంలో మనకు కడపటి తీర్పును చూపిస్తారు. పరదేశిని ఇంటికి చేర్చుకొన్నామా లేదా అన్నదే అక్కడ ప్రభువు అడిగే లెక్క.

ఆ లెక్క సలెర్నో రేవులోనే ఒకనాడు ముందుకు వచ్చింది. 2017 నవంబరులో ఒక ఓడ 26 మంది యువతుల మృతదేహాలను అక్కడికి చేర్చింది. ఆఫ్రికా నుండి బతుకుతెరువు కోసం బయలుదేరి సముద్రంలో మునిగిపోయినవారు వారు. చాలామందికి పేరు కూడా తెలియలేదు. సలెర్నో ప్రజలు సంతాపం పాటించారు. క్రైస్తవులు, ముస్లిములు కలిసి ప్రార్థించి వారిని సాగనంపారు. యాత్రికులు ఫోటోలు తీసుకొనే ఆ నీలి సముద్రమే వారికి సమాధి అయింది.

ఇది మనకు దూరపు కథ కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెలలో గల్ఫుకు కొడుకును పంపని వాడ ఏది? అప్పుచేసి వీసా కొని సముద్రం దాటిన మీ బిడ్డకు, జ్వరం వచ్చిన రాత్రి తోటి కూలీ ఎవరైనా తన గిన్నెలోని గంజి పోస్తే, ఆ చెయ్యి ఏ కులానిది, ఏ మతానిదని మీరు అడుగుతారా?

మరి మన ఊరికి వచ్చిన పరదేశి సంగతేమిటి? పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలలో ఒడిషా నుండి వచ్చిన కుటుంబాలు రేకుల గుడిసెలలో ఉంటున్నాయి. మనం కట్టుకొన్న ఇళ్ళ గోడలలో వారి చెమట ఉంది. ఆ పిల్లలలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా?

మన విశ్వాసం కూడా పరదేశుల చేతుల మీదుగానే వచ్చింది. 1855లో మిలాను నుండి మిషనరీలు హైదరాబాదుకు వచ్చారు. 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనానికి మొదటి పీఠాధిపతి అల్ఫోన్సో బెరెత్తా గారు ఇటలీ దేశస్థులే. 1999లో ఏర్పడిన ఆదిలాబాదు మేత్రాసనంలో సేవకు కేరళ నుండి గురువులు వచ్చారు. లోకమంతా ఖర్చుపెట్టి చూడబోయే దేశాన్ని విడిచి వారు మన ఎండలోకి వచ్చారు. వారికి తెలుగు మాట నేర్పినది మన పూర్వీకులు. పరదేశిని చేర్చుకొన్న ఇంటికి దేవుడు ఏమిస్తాడో మనమే సాక్ష్యం.

కాబట్టి ఈ ఆదివారం దివ్యపూజ తరువాత మీ ఊరి బట్టీ దగ్గరకో, క్వారీ దగ్గరకో కుటుంబమంతా నడిచి వెళ్ళండి. పండ్లో, పాత దుస్తులో ఇచ్చి వెంటనే తిరిగి రావద్దు. కాసేపు కూర్చోండి, పేర్లు అడగండి. రాత్రి జపమాలలో ఆ పేర్లు పెట్టి ప్రార్థించండి. రోముకు వెళ్ళే స్థోమత అందరికీ ఉండదు. ఈ యాత్రకు పాస్‌పోర్టు అక్కరలేదు. మత్తయి గారు చెప్పిన ప్రభువు ఆ గుడిసెలోనే మనకోసం ఎదురుచూస్తున్నాడు. ఆయన మన కన్నులు తెరచుగాక. ఆమెన్.