స్వల్ప గ్రామము – దేవుని సంకల్పము

ధ్యాన భాగములు: మీకా 5:2, జెకర్యా 4:10, యోహాను 1:46

దేవుడు తన కుమారుని ఈ లోకమునకు పంపినప్పుడు రోమా చక్రవర్తి నగరును ఎన్నుకొనలేదు. యూదా కుటుంబములలో లెక్కకు రాని బేత్లెహేమును ఎన్నుకొనెను. తరువాత ఆయనను నజరేతు అను కొండపల్లెలో పెంచెను. ఆ ఊరి పేరు వినగానే నతనయేలు పెదవి విరిచెను. ఫిలిప్పు అతనితో వాదింపక, స్వయముగా చూడ రమ్మని పిలిచెను.

అట్టి పిలుపుతోనే మరియొక పల్లెను చూడవచ్చును. అది ఇంగ్లండు దేశములోనిది. అయినను దాని చరిత్రలోని ముఖ్యమైన అధ్యాయము కలకత్తా చెంత హుగ్లీ నదీతీరమున జరిగెను. దాని ఫలము తెలుగువారి ఇండ్లకును చేరెను.

1. మరుగైన స్థలములో దేవుని సిద్ధపాటు

నార్తాంప్టన్‌షైర్ ప్రాంతములో, సముద్రమునకు దూరముగా, రోమనులు వేసిన పురాతన రాజమార్గము చెంత పాలర్స్‌ప్యూరీ అను గ్రామము కలదు. దానికి చేరిన చిన్న పల్లె ప్యూరీ ఎండ్. 1086లో విలియము రాజు చేయించిన భూముల లెక్కలో ఈ గ్రామము పేరు కనబడును. ప్యూరీ అనగా బేరి చెట్టు. పావెలీ అను భూస్వాముల పేరు దానికి ముందు చేరి, నేటి పేరు ఏర్పడెను. తరువాత ఏడు వందల సంవత్సరములు దేశమును ఏలిన రాజులు మారిరి, వంశములు మారెను. ప్యూరీ ఎండ్ గురించి మాత్రము లోకము వినలేదు. అక్కడివారు దున్నిరి, విత్తిరి, నేసిరి, దేవాలయపు ముంగిట తమ మృతులను పాతిపెట్టిరి.

1761 ఆగస్టు 17న ఆ పల్లెలో ఎడ్మండ్ కేరీ అను సాలెవాని ఇంట ఒక మగశిశువు జన్మించెను. అతనికి విలియము అని పేరు పెట్టిరి. బాలునికి ఆరేండ్లు వచ్చునప్పటికి తండ్రి మగ్గమును విడిచి, ఆ గ్రామ దేవాలయములో గుమాస్తాగాను బడిపంతులుగాను నియమింపబడెను. కెనడా నుండి తిరిగివచ్చిన చిన్నాయన పీటరు సముద్రములను గురించియు, దూరదేశములను గురించియు చెప్పగా బాలుడు చెవియొగ్గి వినెను. తోటి పిల్లలు అతనికి కొలంబసు అని మారుపేరు పెట్టిరి. పొలముగట్లవెంట తిరిగి పురుగులను, మొక్కలను తెచ్చి తన గదిని నింపుకొనెను.

అయితే అతని చర్మవ్యాధి ఎండను సహింపనియ్యలేదు. పొలము పని సాగనందున పిడింగ్టన్ గ్రామములో జోళ్లు కుట్టు పనికి చేర్చిరి. అక్కడ జాన్ వార్ అను తోటి పనివాడు అతనికి క్రీస్తును గూర్చి సాక్ష్యమిచ్చి, హాకిల్టన్ పల్లెలోని చిన్న ప్రార్థన కూటమునకు తోడుకొని పోయెను. 1779 ఫిబ్రవరి 10న, దేశమంతట ఉపవాస ప్రార్థన జరిగిన దినమున, ఆ కూటములో కేరీ తన్ను తాను ప్రభువునకు సమర్పించుకొనెను.

దేవుని పాఠశాల ఎట్టిదో గమనించుడి! మగ్గము, పల్లె బడి, తోలు, సూది, ఒక తోటి పనివాని సాక్ష్యము. తోలుపని చేయువారిని తరతరములుగా హీనపరచిన మన దేశములో ఈ సంగతి మరువరానిది. కేరీ పండితుడై గౌరవము పొందిన దినములలో, ఒక విందులో ఒక అధికారి అతని పూర్వవృత్తిని ఎత్తి చూపెను. తాను జోళ్లు తయారుచేయువాడను కూడ కాననియు, పాత జోళ్లను బాగుచేయువాడను మాత్రమే అనియు కేరీ సిగ్గుపడక జవాబిచ్చెనని చెప్పుదురు.

2. విధేయతకు చెల్లింపబడిన వెల

1792 అక్టోబరు 2న కెటరింగ్ పట్టణములో ఒక విధవరాలి ఇంట కొద్దిమంది కూడుకొని, అన్యదేశములకు సువార్త పంపుటకు ఒక సంఘమును స్థాపించిరి. వారు వ్రాసియిచ్చిన మొత్తము 13 పౌనుల చిల్లర. మరుసటి సంవత్సరము నవంబరులో కేరీ కుటుంబము కలకత్తా చేరెను.

ఇచ్చట అతని భార్య డోరతీని మరచిపోరాదు. ఆమెయు ఆ పల్లెల బిడ్డయే. వివాహపు పుస్తకములో పేరు వ్రాయనేరక గుర్తు మాత్రము పెట్టెను. చంటిబిడ్డతో నుండి సముద్రము దాటుటకు మొదట నిరాకరించెను. తుదకు తన చెల్లెలు తోడు వచ్చుటకు ఒప్పుకొనగా బయలుదేరెను. బెంగాలులో దారిద్ర్యము, జ్వరములు వారిని చుట్టుకొనెను. 1794లో అయిదేండ్ల పీటరు మరణించెను. ఆ దుఃఖముతో తల్లి మనస్సు చెదరెను. 1807లో మరణించువరకు ఆమె స్వస్థత పొందలేదు. భర్త సేవను పొగడువారు ఆమె కన్నీటిని లెక్కింపకపోయిన యెడల ఆ పొగడ్త సత్యము కాదు. సేవ పేరిట తన ఇంటివారి మౌనవేదనను చూడనివాడు ప్రభువు హృదయమును ఇంకను పూర్తిగా ఎరుగడు. లోకము వ్రాయని కన్నీటి లెక్కను దేవుడు వ్రాసియుంచును.

కేరీ సహోదరి మేరీ పక్షవాతముతో సుమారు యాభై సంవత్సరములు మంచము పట్టియుండెను. ఆమె తన కుడిచేతితో ఉత్తరములు వ్రాయుచు, అన్న సేవకొరకు ప్రార్థించుచు వచ్చెను. ఒకరు సముద్రము దాటిరి. మరియొకరు మంచము దిగలేదు. ఇద్దరును ఒకే కోతలో పనివారు.

3. ఊహింపని నేలలో ఫలము

ఈస్టిండియా కంపెనీ తన రాజ్యములో మిషనెరీలకు అనుమతి ఇయ్యనందున, 1800 జనవరిలో కేరీ కలకత్తాకు ఎగువను, డేన్మార్కువారి పాలనలోనున్న శ్రీరాంపురము చేరెను. మార్ష్‌మన్, వార్డ్ అతనికి జత పనివారైరి. త్రివేణి గ్రామమునకు చెందిన పంచానన్ కర్మకార్ అను కమ్మరి అచ్చు అక్షరములను చెక్కెను. ఆ డిసెంబరు 28న కృష్ణపాల్ అను వడ్రంగి హుగ్లీ నదిలో బాప్తిస్మము పొందెను. సాలెవాని కుమారుడు, కమ్మరి, వడ్రంగి! ప్రభువు తన పనికి ఎవరిని పిలిచెనో చూడుడి.

1812 మార్చి 11న రాత్రి ముద్రణాలయము అగ్నికి ఆహుతియాయెను. కాగితము, అచ్చు అక్షరములు, అనేక సంవత్సరముల వ్రాతప్రతులు బూడిదయాయెను, ముద్రాయంత్రములు మిగిలెను. కేరీ ఆ వేళ కలకత్తాలో బోధించుచుండెను. తరువాతి ఆదివారమున అతడు 46వ కీర్తనను ఆధారము చేసికొని, ఊరకుండి దేవుని దేవత్వమును ఒప్పుకొనవలెనని ప్రసంగించి, మరల పని మొదలుపెట్టెను. 1814లో అతని తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపురమున వెలువడెను. నేడు సంఘములలో చదువబడు తర్జుమా అది కాదు. తరువాతివారు దానిని మించిన పని చేసిరి. విత్తనము నేలలో దాగును, పంట కనబడును. విత్తినవాడు దానికై విచారింపడు.

ఇంగ్లండు నుండి విత్తనములు వచ్చిన సంచిని కేరీ ఒకసారి శ్రీరాంపురము తోటలో దులిపెను. కొన్నాళ్లకు అచ్చట డైసీ అను చిన్న పువ్వు మొలిచెను. తన పల్లె పచ్చికలో ఎల్లవారు త్రొక్కి నడచు పువ్వది. సుమారు ముప్పది ఏండ్లుగా చూడని ఆ పువ్వును చూచి అతడు మిక్కిలి ఆనందించి, ఏటేట దాని విత్తులు చల్లి కాపాడెను. ఎండకు తాళలేడని జోళ్ల పనికి పంపబడినవాడు బెంగాలు ఎండలో నలువది సంవత్సరములు శ్రమించి, స్వదేశమునకు తిరిగి పోకయే, 1834 జూన్ 9న అదే నేలలో నిద్రించెను. ప్యూరీ ఎండ్‌లో అతడు పుట్టిన ఇల్లు నేడు నిలిచి లేదు. బేరి చెట్టు పేరు గల గ్రామపు ఫలము మాత్రము నిలిచియున్నది.

కలకత్తా మహానగరము కూడ సుతానుటి, కాలికాతా, గోవిందపూర్ అను మూడు పల్లెలనుండి పెరిగినదే. ఆ నదికి ఇరువైపుల నున్న జనపనార మిల్లులకు తెలుగు పల్లెలనుండి వేలాదిమంది వలస వచ్చిరి. పల్లెను విడిచినవారు తమ పుట్టుకను దాచుకొన నక్కరలేదు; పల్లెలో మిగిలినవారు తాము మరువబడితిమని అనుకొన నక్కరలేదు.

ప్రియ చదువరీ, నీవున్న స్థలము చిన్నదా? నీ ఆదివారపు బడిలో పిల్లలు ఇద్దరు ముగ్గురేనా? నీ చేతిలోనిది సూదియా, కొడవలియా? నీవు మంచము దిగలేని దినములలో ఉన్నావా? స్వల్పకార్యములు జరుగు దినమును దేవుడు తృణీకరింపడు. రేపు ఏ దేశమునకు పోదునో అని అడుగకముందు, నేడు ప్రక్కన కూర్చున్న తోటి పనివానికి సాక్ష్యమిమ్ము. జాన్ వార్ చేసినది అంతే; దాని అంతము అతడు ఊహింపలేదు.

బేత్లెహేమును ఎన్నుకొనిన ప్రభువు, తన పిల్లలకు చిన్న స్థలములలో నమ్మకముగా నిలుచు కృపను దయచేయును గాక. ఆమేన్.