గోదావరి మీద నా ప్రేమ

సొంతూరి నది మీద నాకున్న ప్రేమ ఎలాంటిదని ఈ మధ్య నన్ను నేను అడుక్కుంటున్నాను. ఆ ప్రశ్న పుట్టింది మా అమ్మాయి మూడో తరగతి ఫీల్డ్ ట్రిప్‌లో. సియాటిల్‌కు తూర్పున ఇసక్వాలో సాల్మన్ చేపల హేచరీ ఉంది. గనులు, చెట్ల నరికివేత వల్ల అక్కడి వాగు పాడైపోయాక 1930ల్లో కట్టారు. పిల్లలకు తోడుగా నేనూ వెళ్లాను.

ఆకురాలే కాలంలో ఆ వాగు నిండా చేపలే. సముద్రంలో ఏళ్లపాటు తిరిగి, సియాటిల్‌లోని బల్లార్డ్ దగ్గర 21 మెట్ల చేపల నిచ్చెన ఎక్కి, సరస్సులు దాటి, పుట్టిన నీటి వాసన పట్టుకుని వస్తాయి. గాజు పలక అవతల చినూక్ జాతి సాల్మన్ ఆడచేప ఒకటి జానెడు దూరంలో ఎదురీదుతూ నిలబడింది. తోక అంచు అరిగి తెల్లబడింది. వీపు మీద చర్మం ఊడుతోంది. మంచినీళ్లలోకి వచ్చాక మేత కూడా ముట్టదట. నాకు గొంతు పట్టేసింది. ఇది ఇంటికొచ్చింది, నేనే పోలేదు అనుకున్నాను.

పిల్లల చేతుల్లోని ప్రశ్నల కాగితంలో ఇంటికి రావడమనే ఊసే లేదు. నీళ్లెంత చల్లగా ఉన్నాయి? ఒడ్డున నీడ ఉందా? అడుగున గులకరాళ్లా, బురదా? వాలంటీరు పెద్దావిడ ట్రేలో గులకరాళ్లు పోసి, మధ్యలో గుడ్లకు బదులు బఠాణీ గింజంత ఎర్రపూసలు పెట్టి, పైన బురదనీళ్లు వంచింది. సందులు పూడిపోయాయి. నీరు పారకపోతే గుడ్డుకు ఊపిరాడదని పిల్లలే చెప్పేశారు. తల్లి ఎంత దూరం ఈదొచ్చినా, తోకతో ఎంత లోతు గుంట తవ్వినా ఇక లాభం లేదు.

కోహో జాతి సాల్మన్ సంగతి ఇంకా బాధాకరం. పట్టణపు వాగుల్లో వాన పడగానే అవి గుడ్లు పెట్టకముందే చచ్చిపోతుంటే, టైర్లలో కలిపే 6పీపీడీ అనే రసాయనం నుంచి పుట్టే విషమే కారణమని 2020లో శాస్త్రవేత్తలు తేల్చారు. నా కారు టైర్లు అరిగేదీ ఈ రోడ్ల మీదే.

తిరుగు బస్సులో మా అమ్మాయి అడిగింది: "మన గోదావరికి కూడా ఇలాంటి చేప వస్తుందా నాన్నా?" పులస గురించి చెప్పాను. వరద నీటికి ఎదురీది సముద్రం నుంచి వస్తుందని, పుస్తెలమ్మైనా తినాలంటారని. ధవళేశ్వరం దగ్గర దారికి ఆనకట్ట అడ్డమనీ చెప్పాను.

"అయితే దాని గులకరాళ్లు గోడ అవతల ఉండిపోయాయా?"

పులస రాళ్లలో గుడ్లు పెట్టదు, పారే నీళ్లలోనే వదులుతుంది. అదే చెప్పాను. కానీ తను అడిగింది అది కాదని నాకు తెలుసు. 1852లో కాటన్ దొర అక్కడ పూర్తిచేసిన ఆనకట్ట నీళ్లతోనే మా తాత వరి పండించాడు, ఆ వరితోనే మేం చదువుకున్నాం. దాన్ని తప్పుపట్టలేను, పట్టను కూడా. నన్ను తొలిచేది వేరే. గోదావరి అనగానే నాకు గుర్తొచ్చేవి రేవు, పుష్కరాలు, అమ్మ పెట్టిన పులుసు. ఆ నీళ్లు ఎలా ఉన్నాయన్న ఆలోచన అందులో ఎక్కడా లేదు. నేను ప్రేమిస్తున్నది నదినా, నా చిన్నతనాన్నా? రెండోదే ఎక్కువని ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు.

ఫోన్లో ఊళ్లోని చిన్నాన్నని ఇప్పుడు అడిగేవి మారాయి. ఎర్రనీరు ఎప్పుడు దిగింది, మన రేవు దగ్గర ఇసుక ఎందాకా తవ్వారు, వలలు ఎవరు వేస్తున్నారు అని. సగం వాటికి ఆయన దగ్గర జవాబుండదు. కనుక్కుని చెప్తానంటాడు.