సమ్మక్కను పిల్లలకెట్లా చెప్పాలి?

రెండేళ్ళకొకసారి గోదావరిఖనిలో నది ఒడ్డున సమ్మక్క జాతర జరుగుతుంది. మేడారంలోవలె ఇక్కడా జనం బెల్లాన్ని "బంగారం" అని సమర్పిస్తారు. "సమ్మక్క నిజంగా దేవతేనా?" అని గని కార్మికుని బిడ్డ అడిగితే ఉపాధ్యాయుడేమనాలి?

"మూఢనమ్మకం" అని కొట్టిపారేస్తే ఆ బిడ్డ హేతువాదం నేర్చుకోదు. బెల్లం మోసిన తల్లిని చిన్నచూపు చూడడం నేర్చుకుంటుంది. "అవును" అని తలూపితే ప్రశ్నే చచ్చిపోతుంది.

కరువులో కప్పం కట్టలేక కాకతీయ ప్రభువు నెదిరించిన కోయల గాథ చెప్పాలి. అది జనం చెప్పుకొనే గాథ, రుజువైన చరిత్ర కాదనీ చెప్పాలి. యుద్ధంలో ఓడినవారిని ఇన్ని లక్షలమంది ఎందుకు కొలుస్తున్నారో ఆలోచించమనాలి. నమ్మడమా, మానడమా అన్నది పెద్దయినాక ఆ బిడ్డే తేల్చుకుంటుంది.