అన్నపాన నిరోధమా? ఆరోగ్య రక్షణమా?

ఆకలిగొన్న ప్రాణికి అన్నము పెట్టుట పుణ్యమని మన ఇండ్లలో పసిపిల్లలకు సైతము తెలుసు. పెట్టే చేతిని వెనుకకు తీసుకొనుట కూడా ఒక్కొక్కప్పుడు దయ అగునా అన్న ప్రశ్న మాత్రము అంత సులభముగా తేలదు. ఇది కేవలము పండితుల చర్చకు సంబంధించినది కాదు. నేడు మన వర్తక కుటుంబాలలో లాబ్రడార్ వంటి పెద్ద జాతి కుక్కలను పెంచుకొనేవారు ఉన్నారు. ఇంటిల్లిపాదీ ముద్దుచేసి, ఎవరి చేతిలో ఉన్నది వారు పెట్టగా, ఆ కుక్క బరువెక్కి మెట్లు ఎక్కలేని స్థితికి వస్తుంది. పశువైద్యుడు తిండి తగ్గించమంటాడు. “నోరులేని జీవిని ఆకలికి మాడ్చి పాపము కట్టుకోమంటారా బాబూ?” అని ఇంటి పెద్దావిడ అడుగుతుంది. ఈ ఇద్దరిలో ఎవరి మాట ధర్మము?

పెద్దావిడ భయానికి ఆధారము లేకపోలేదు. గృహస్థుని అహింసాణువ్రతానికి ఐదు అతిచారాలను తత్త్వార్థసూత్రము పేర్కొన్నది. ప్రాణిని బంధించుట, కొట్టుట, అవయవములు కోయుట, మోయలేని బరువు మోపుట, అన్నపానములు అడ్డగించుట అనునవి అవి. ఐదవదానిని చూపి ఆమె వైద్యుని మాట కాదనవచ్చును. అయితే దానికి ముందున్న నాలుగవదానిని కూడా తలచుకొనవలెను. మోయలేని బరువు అనగా ఎద్దుపై వేసిన బస్తాలు మాత్రమేనా? 30 కిలోలు ఉండవలసిన కుక్క 40 కిలోలు అయినప్పుడు, ఆ 10 కిలోలు రాత్రింబవళ్లు దాని తుంటి కీళ్లపైన, మోకాళ్లపైన ఉంటవి. ఎద్దుకు సాయంకాలము కాడి దించుతారు. ఈ బరువుకు అట్టి విశ్రాంతి లేదు. నేతి రొట్టె ముక్కగా, బిస్కట్టుగా, పండుగనాటి మిఠాయిగా దానిని మోపినది మన చేయియే. ఇది సూత్రానికి నేను చేసిన అన్వయమే అయినను, సూత్రము యొక్క ఉద్దేశానికి దూరము కాదని నా నమ్మకము.

విజ్ఞానశాస్త్రము ఈ విషయములో స్పష్టమైన సాక్ష్యమే ఇచ్చినది. 2002లో అమెరికాలో ప్రకటించబడిన ఒక పరిశోధనలో 48 లాబ్రడార్ కుక్కలను, ఒకే ఈతలో పుట్టిన వాటిని జతలుగా చేసి, జీవితాంతము పరిశీలించినారు. ప్రతి జతలోను ఒకదానికి రెండవదానికంటె నాలుగవ వంతు తక్కువ ఆహారము పెట్టినారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుర్దాయము 13 ఏండ్లు. ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏండ్లు. తక్కువ తిన్నవాటికి కీళ్లవాపు కూడా ఆలస్యముగా వచ్చినది. మనము ప్రేమతో వేసిన అదనపు పిడికెడు ఆ జీవి ఆయుస్సులో దాదాపు రెండేండ్లు తగ్గించగలదన్న మాట.

అంతమాత్రముచేత వైద్యుని మాటతో వివాదము ముగియలేదు. లాబ్రడార్లలో సుమారు నాలుగింట ఒకదానికి ఆకలికి సంబంధించిన ఒక జన్యువులో లోపమున్నదని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు కనుగొన్నారు. అట్టి కుక్కకు పూటకు పూటకు నడుమ ఆకలి ఎక్కువ. పైగా విశ్రాంతిలో దాని శరీరము ఖర్చుచేసే శక్తి తక్కువ. అనగా అది మన కంచము వంక చూచే చూపు నటన కాదు. ఆ బాధ నిజము. అది నిజమని తెలిసిన తరువాత అహింసావ్రతుడు చేయవలసినదేమి?

ఇక్కడ ఒక భేదము గుర్తించవలెను. మనము ఊనోదరి చేసినా, ఉపవసించినా, తెలిసి సంకల్పించి చేస్తాము. కనుకనే అది తపస్సు. కుక్కకు సంకల్పము లేదు. దాని ఆకలివలన దానికి గాని మనకు గాని పుణ్యము రాదు. కావున మన తపస్సును దానిపై రుద్దే అధికారము మనకు లేదు. దాని ఆరోగ్యానికి ఎంత అవసరమో అంతే తగ్గించవలెను. ఆకలిబాధను వీలైనంత చల్లార్చుతూ తగ్గించవలెను.

దీనికి మార్గమున్నది. వైద్యుని సలహాపై సొరకాయ, బీరకాయ, గుమ్మడి, బీన్సు ఉడికించి కలిపితే కడుపు నిండుతుంది, కొవ్వు పెరగదు. వారానికి శరీరపు బరువులో నూటికి 1 నుండి 2 వంతులు తగ్గితే చాలును. 40 కిలోల కుక్క విషయములో అది 400 నుండి 800 గ్రాములు. నడుమ ఇచ్చే చిరుతిండ్లు రోజు మొత్తము ఆహారశక్తిలో పదవ వంతు దాటరాదు. ప్రక్కటెముకలు కంటికి పొడుచుకొని కనబడక, చేతితో తడిమితే సులభముగా తగులుతుంటే బరువు సరిగా ఉన్నట్లు లెక్క. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, చాక్‌లెట్ కుక్కకు విషతుల్యములు.

శాకాహారము మాటేమిటని మనవారు తప్పక అడుగుతారు. తోడేలుకంటె కుక్క పిండిపదార్థమును బాగుగా అరిగించుకొనగలదని 2013లో తేలినది. పిల్లివలె దానికి మాంసము అనివార్యము కాదు. అయినను ఉత్త పెరుగన్నము, నేతి రొట్టె దానికి పూర్ణాహారము కావు. మాంసకృత్తులు తక్కువైన తిండిని మరింత తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. అప్పుడు పెద్దావిడ భయపడిన అన్నపాన నిరోధమే జరిగినట్లు. కనుక శాకాహారమే పెట్టదలచినవారు, అన్ని పోషకములు సరిపోయిన ఆహారమును పశువైద్యునితో నిర్ణయింపజేసుకొని పెట్టవలెను.

1832లో బొంబాయిలో వీధికుక్కలను చంపించినప్పుడు పార్సీలు ముందుండి అలజడి చేసినారు. 1834లో అక్కడ పాంజరాపోల్ వెలసినది. నాటి మూగజీవులకు ప్రమాదము ద్వేషమువలన వచ్చినది. నేడు మన ఇంటి కుక్కకు వచ్చే ప్రమాదము ముద్దువలన.

వర్తకులమైన మనకు తూకము క్రొత్త కాదు. తప్పు కొలతలు అచౌర్యవ్రతానికి దోషమని మనకు తెలుసు. అంగడిలో గ్రామును సైతము లెక్కచూచే మనము, ఇంటివద్ద కుక్క గిన్నెను కంటిచూపుతో నింపుట తగునా? తిండిని త్రాసులో తూచి, ఇంటిలో ఒక్కరే పెట్టే ఏర్పాటు చేసుకొనవలెను. పెద్దావిడ దయ, వైద్యుని లెక్క, ఈ రెండును ఆ ఒక్క చేతిలో ఉండవలెను. ఈ మాటను మన కుటుంబాల పెద్దలు ఆలోచింతురు గాక.