ఓడినవాడికి చెప్పు అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పెడుతున్న ఫైటింగ్ గేమ్ వీడియోలు మీ అమ్మ చూపించింది. ఆమె ముందు నవ్వి ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చాక నా ఫోన్లో మళ్లీ పెట్టుకుని నిదానంగా చూశాను. గొంతు బాగుంది. మాట తడబడదు. మన ఊరు ముదిగొండ మాటను దాచేసి పట్నం పిల్లాడిలా నటించడం లేదు. అది నాకు మరీ నచ్చింది.

నచ్చనిది కూడా చెప్పాలిగా. “కొత్తవాళ్ల కోసం మొదటి పాఠం” అని పేరు పెట్టావు. నిమిషం తిరక్కముందే ఎదుటివాణ్ణి గాల్లోకి లేపి, కాలు నేల తాకనీకుండా గోడదాకా కొట్టుకుంటూ పోయావు. పైగా “చూశారా, చాలా ఈజీ బ్రో” అన్నావు. చూసినవాడు పోయి ప్రయత్నిస్తాడు. రెండో దెబ్బకే ఆ దెబ్బల వరస, అదే కాంబో, తెగిపోతుంది. ఈజీ అన్నదే రాకపోతే నేనింక పనికిరాననుకుని ఆట మూసేస్తాడు. నువ్వు నేర్పడానికి పెట్టిన వీడియో ఒకణ్ణి ఆటలోంచి పంపేసిందన్నమాట. ఆ “ఈజీ”ని ఇవాళ్టి నుంచి నీ నోట రానివ్వకు.

బళ్లో కబడ్డీ ఆడించిన డ్రిల్లు మాస్టారికి టెక్కెన్ లాంటి ఫైటింగ్ గేమ్‌ల సంగతి ఏం తెలుసు అంటావేమో. బడి ఎగ్గొట్టిన పిల్లలను వెతుక్కుంటూ ఖమ్మంలో వీడియో గేమ్ షాపులన్నీ తిరిగినవాణ్ణిరా నేను. చెవి పట్టుకుని తెద్దామని లోపలికెళ్లి, ఆట అయ్యేదాకా వెనక నిలబడి చూసిన రోజులున్నాయి. ఇది మీ అమ్మకు చెప్పకు.

అప్పట్లో పిల్లలకు ముస్తఫా అంటే పిచ్చి. కాప్‌కామ్ వాళ్లు 1993లో తెచ్చిన ఆ ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. మనవాళ్లు అందులో టోపీ పెట్టుకున్నవాడి పేరుతోనే ఆటను పిలిచారు. అందులో దోస్తులిద్దరూ ఒకవైపు, మిషన్ ఒకవైపు. స్ట్రీట్ ఫైటర్ దగ్గరికొచ్చేసరికి కథ మారేది. దోస్తులిద్దరూ ఎదురెదురు. ఓడినవాడు లేచి చోటివ్వాలి. లేచినవాడు ఇంటికి పోయేవాడు కాదు. వెనకే నిలబడి చూసేవాడు. వాడి పక్కన ఇంకో నలుగురు. “అరే వాడు దూకుతున్నాడు, వెనక్కి పట్టు”, “కింద తంతాడు, కూర్చో”, “నువ్వు ఊరికే గుద్దుతున్నావు, అందుకే దొరికిపోతున్నావు”. మిషన్ ఎవరికీ పాఠం చెప్పలేదు. కాయిన్ అయిపోయి వెనక నిలబడ్డవాళ్లు చెప్పారు.

ఇప్పుడు ఆ వెనక గుంపు లేదు. పిల్లాడు మంచం మీద ఒంటరిగా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎక్కడో ఉన్న పేరు తెలియనివాడి చేతిలో ఓడిపోతున్నాడు. ఓడితే బాధే. దానికంటే ఎందుకు ఓడాడో తెలియకపోవడం పెద్ద బాధ. ఆ గుంపు చెప్పే మాట నీ వీడియో చెప్పాలి. నా హితవు మొత్తం ఇదే, మిగతాదంతా దీనికి వివరం.

కబడ్డీలో కూతకు వెళ్లిన పిల్లాడు రోజూ అదే మూలలో దొరికిపోతుంటాడు. “గట్టిగా పరిగెత్తరా” అని అరిస్తే వాడు ఇంకా గట్టిగా వెళ్లి ఇంకా గట్టిగా దొరుకుతాడు. “తిరిగొచ్చేటప్పుడు మూలవాడికి వీపు చూపిస్తున్నావు, వాణ్ణి చూస్తూనే వెనక్కి నడువు” అంటే మర్నాటికి బయటపడతాడు. వేగం పెరగలేదు, బలం పెరగలేదు. ఎందుకు దొరుకుతున్నాడో తెలిసింది, అంతే. నీ పాఠాలు కూడా అలా మొదలవ్వాలి. “ఈ క్యారెక్టర్ మూవ్స్ అన్నీ” అని కాకుండా, “వాడు నిన్ను ఇలా కొడుతున్నాడా? అయితే ఇది చూడు” అని.

ఉదాహరణకు ఎడ్డీ గోర్డో. 1997 నాటి టెక్కెన్ 3లో వచ్చిన ఆ బ్రెజిల్ కపోయెరా మనిషి ఎన్ని స్నేహాలు చెడగొట్టాడో లెక్కలేదు. ఆట రానివాడు కూడా వాణ్ణి పట్టుకుని గుండీలు ఎడాపెడా గుద్దితే, వాడు నేలమీద గింగిరాలు తిరుగుతూ ఎదుటివాణ్ణి తన్నుకుంటూ పోతాడు. కొత్తవాడికి మొదటి వారంలో తగిలేది నీలాంటి ఆటగాడు కాదు, ఇట్లా గుద్దేవాడే. మరి నీ మొదటి పాఠం వాడి మీదే ఉండొద్దా?

ఆ పాఠం ఎట్లా చెప్పాలో నాకు తోచింది చెబుతాను, తప్పుంటే నువ్వు దిద్దు. ముందు కాపు. టెక్కెన్‌లో నిలబడి జాయ్‌స్టిక్ కర్రను వెనక్కి పట్టుకుంటే పై దెబ్బ, మధ్య దెబ్బ ఆగుతాయి, కాళ్ల దెబ్బ తగులుతుంది. కూర్చుని వెనక్కి పట్టుకుంటే కాళ్ల దెబ్బ ఆగుతుంది, పై దెబ్బ నెత్తి మీంచి పోతుంది, మధ్య దెబ్బ మాత్రం తగులుతుంది. కాబట్టి కొత్తవాడు నిలబడే ఉండాలి. ఎత్తి పడేసే పెద్ద దెబ్బలు ఎక్కువగా మధ్యలోంచే వస్తాయి. కాళ్ల మీద పడేవి చాలావరకు చిన్నవి, నాలుగు తిన్నా కొంపేం మునగదు. ఈ ఒక్క ముక్క చెబితే సగం భయం పోతుంది. నీ వీడియోల్లో దీనికి నువ్విచ్చిన చోటు ఒక్క వాక్యం.

తర్వాత వంతు. గుద్దేవాడి చేతిలో ఓడేవాడు తన వంతు ఎప్పుడొస్తుందో తెలియక ఓడతాడు. ఈ ఆటలు సెకనును 60 ముక్కలు చేస్తాయి, ఒక్కో ముక్క ఒక ఫ్రేమ్. టెక్కెన్‌లో చాలామందికి అన్నిటికంటే వేగమైన చేతి దెబ్బ 10 ఫ్రేముల్లో తగులుతుంది. కంటితో చూసి వేలు కదిలించడానికి మనిషికి పావు సెకను, అంటే 15 ఫ్రేముల దాకా పడుతుంది. అంటే ఆ దెబ్బను చూసి ఆపడం ఎవడి తరమూ కాదు. చూడలేకపోయానని కుమిలిపోయే పిల్లాడికి ఈ లెక్క చెబితే ఎంత ఊరటో ఆలోచించు.

అదే లెక్క వాడికి ఆయుధం కూడా అవుతుంది. ఎదుటివాడు పెద్ద తన్ను తన్నాడు, నువ్వు కాచావు. కాలు వెనక్కి తీసుకునే వేళకు వాడు నీకంటే 10 ఫ్రేములు ఆలస్యమయ్యాడనుకో, నీ 10 ఫ్రేముల చేతి దెబ్బ వాడికి తగిలి తీరుతుంది. వాడు ఆపలేడు. ఇక్కడ గొప్ప చెయ్యి అక్కర్లేదు, ఒక్క గుండీ చాలు. ఎడ్డీ తన్నుల్లో ఏవి కాచాక అంత ఆలస్యమవుతాయో మూడే మూడు ఎంచి చూపించు. ప్రాక్టీస్ మోడ్‌లో బొమ్మకు అవే నేర్పి, కాచి కొట్టడం పదిసార్లు చేయించు. వీడియో అక్కడితో ఆపెయ్. ఆ సాయంత్రం వాడు ఒక్కసారి కాచి, ఒక్కసారి కొట్టి, అయినా ఓడిపోయాడనుకో, రేపు మళ్లీ ఆడతాడు.

కాంబోలు వద్దనడం లేదు. కానీ వాటి పుట్టుక తెలుసా నీకు? 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2ను చేస్తున్నప్పుడు దాన్ని పరీక్షిస్తున్న నోరిటాకా ఫునామిజు, కారును పగలగొట్టే బోనస్ ఆటలో ఒక దెబ్బ వెనకే ఇంకో దెబ్బ అతుక్కోవడం గమనించాడు. అంత సరిగ్గా ఎవరు కొడతారులే అని దాన్ని అలాగే ఉంచేశారు. ఇప్పుడు ఈ జాతి ఆటల్లో చాలావాటికి అదే ప్రాణం. అయినా పొరపాటున దూరిన సరుకు అది. అది లేకపోయినా కాపు, దెబ్బ, పట్టు ఉన్నాయి. దెబ్బను కాపు ఆపుతుంది, కాచేవాణ్ణి పట్టి విసిరెయ్యొచ్చు, పట్టుకోవడానికొచ్చేవాణ్ణి దెబ్బ పడేస్తుంది. ఈ మూడూ ఒంటబట్టినవాడు రెండే దెబ్బల కాంబోతో నీలాంటివాణ్ణి కూడా చెమట పట్టిస్తాడు.

నీ పరిచయ వీడియోలో డైగో ఉమెహరా ముక్క వేశావు. 2004లో కాలిఫోర్నియాలో ఎవో అనే ఫైటింగ్ గేమ్‌ల పోటీలో, ప్రాణం గీతంత మిగిలిన కెన్ బొమ్మతో, జస్టిన్ వాంగ్ ఆడిస్తున్న చున్-లీ విసిరిన 15 దెబ్బలనూ ఒక్కొక్కటిగా తోసేసి గెలిచిన ఆట. నాకూ ఒళ్లు జలదరించింది. ఉంచు, తియ్యకు. కానీ అక్కడ కూడా ఎందుకో చెప్పు. ఆ వరసలో మొదటి దెబ్బ చూసి తోసేది కాదు. చున్-లీ ఆ దెబ్బ వేస్తుందని డైగో ముందే కనిపెట్టి సిద్ధంగా ఉన్నాడు. వేళ్ల చురుకే అని వదిలేస్తే కొత్తవాడికి అది గారడీలా మిగిలిపోతుంది. ఎదుటివాడు ఏం చేస్తాడో ఆలోచించాడని చెబితే, ఆలోచించడం తనకూ వచ్చుగా అనిపిస్తుంది.

ఇంకో మాట. 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లో, కర్ర గుండ్రంగా తిప్పకుండా ఒక్క గుండీతో పెద్ద దెబ్బ వేసే మోడ్రన్ పద్ధతి పెట్టారు. దాంతో ఆడేవాళ్లను నువ్వు వెక్కిరించావు. అట్లా వేసిన దెబ్బకు బలం కొంత కోసేశారు, ఆ బేరం ఆట చేసినవాళ్లే చూసుకున్నారు. నువ్వు వెక్కిరించిన పిల్లాడు నీ రెండో వీడియోకు రాడు. నీ మాట వినాల్సినవాడే వాడు కదరా.

ముదిగొండలో ఎంతమంది ఇళ్లల్లో ప్లేస్టేషన్ ఉందో నీకు తెలుసు. చేతిలో ఉన్నది ఫోను. షాడో ఫైట్ ఆడనివాడు మన ఊళ్లో అరుదు. అక్కడి నుంచే మొదలుపెట్టు. దూరం కొలవడం, ఎదుటివాడి దెబ్బ గాలికి పోయాక కొట్టడం అందులోనూ ఉన్నాయి. నెట్‌వర్క్ సంగతి కూడా నిజం చెప్పు. మనం ఒకరి హాట్‌స్పాట్ మీద ఇంకొకరం ఆడేవాళ్లం, గుండీ నొక్కాక బొమ్మ కదలడానికి ఆలస్యమైతే అది వాడి చేతగానితనం కాదు. ఎవో పెట్టినవాళ్లలో ఒకడైన టోనీ కానన్ ఈ బాధకే రోల్‌బ్యాక్ అనే ఉపాయంతో ఒక సాఫ్ట్‌వేర్ చేశాడు. అవతలివాడు ఏం నొక్కి ఉంటాడో మిషన్ ముందే ఊహించి ఆట నడిపిస్తుంది, ఊహ తప్పితే వెనక్కెళ్లి దిద్దుకుంటుంది. మంచిదే, కానీ మన సిగ్నల్‌కు అదీ చాలని సాయంత్రాలుంటాయి. అందుకే ఒకే తెర ముందు ఇద్దరు కూర్చుని ఆడటాన్ని నువ్వు ఎక్కువగా చూపించు.

పెద్ద ఊరు కాదు, పెద్ద మిషన్ లేదు అని నిరుత్సాహపడేవాళ్లకు అర్స్‌లాన్ ఆష్ పేరు చెప్పు. లాహోర్ షాపుల్లో తనవాళ్లతోనే ఆడి ఆడి, 2019లో మొదట జపాన్‌లో, తర్వాత లాస్ వేగాస్‌లో టెక్కెన్ 7 ఎవో గెలిచాడు. అంతకుముందు లాహోర్ ఆటగాళ్లను బయట పట్టించుకున్నవాళ్లు తక్కువ. వయసు దాటిపోయిందనే నాలాంటివాళ్లకు కిమ్ గ్వాన్‌వూ ఉన్నాడు. కొరియా మనిషి, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 బంగారు పతకం కొట్టేనాటికి 44 ఏళ్లు. ఆ పోటీలో మనవాళ్లు మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ కూడా ఆడారు.

వీడియోలకు జనం పెరిగితే డబ్బు ఇస్తామని ఎవడో ఒకడు వస్తాడు. ఆట యాప్ అంటాడు, లోపల చూస్తే పందెం. దగ్గరికి రానివ్వకు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025లో కేంద్రం చేసిన చట్టంలో వాటికి ప్రకటన చెయ్యడమే నేరం. ఈ-స్పోర్ట్స్‌ను ఆ చట్టం వేరుగా పెట్టి ప్రోత్సహిస్తామంది. అదే ఏడాది బెట్టింగ్ యాప్‌లను పొగిడిన తెలుగు యూట్యూబర్ల మీద హైదరాబాద్‌లో కేసులు పడ్డాయి. పేరున్నవాళ్లే పోలీస్ స్టేషన్ గడప తొక్కారు. మీ అమ్మ మిర్చి ఏరిన కూలితో కొన్న ఫోన్ మీద అలాంటి మరక పడనివ్వకు.

వీడియో ఐదు నిమిషాలు దాటనీకు. రోజు డేటా తొందరగా అయిపోయేవాడే నీ శ్రోత. వెనక ఆ డప్పుల మోత తీసెయ్, నీ గొంతు చాలు. టెక్కెన్ 8లో ఓడిన ఆటను మళ్లీ పెట్టుకుని, ఓడిన చోట ఆపి, అక్కణ్నుంచి మనమే ఆడి చూసే వీలుంది కదా. ప్రతి వీడియో చివర కొత్తవాడు పంపిన ఓటమి ఒకటి తీసుకుని అట్లా విప్పి చూపించు. నీ గెలుపులు తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

మొదటి ఓటమి నాదే పెట్టుకో. ఆదివారం మీ ఇంటికొస్తాను, ఎడ్డీని నాకివ్వు. గుండీలు గుద్దేవాడు ఒకడు కావాలిగా నీకు, నాకు అది బాగా వచ్చు.

మీ మావయ్య