దొరికింది సరే, కబురేదీ?

మొన్న బుధవారం మా చెల్లెలి కొడుకు మా ఇంటికొచ్చాడు. వస్తూ వస్తూ ఓ పొడుగాటి ఇనపకర్ర తెచ్చి, ముందుగదిలో గొడుగుల పక్కన ఆనించాడు. కింద చిన్న పార మొహం, పైన నల్లటి పిడి.

“ఏమిట్రా ఇది, పాముల్ని కొట్టేదా?” అన్నాను.

వాడు పకపకా నవ్వాడు. “గోల్ఫ్ కర్ర పెద్దమ్మా. నాది కాదు, దొరికింది.”

మావాడు ఈమధ్యే విశాఖపట్నంలో ముడసర్లోవ వైపున్న మైదానంలో గోల్ఫ్ నేర్చుకుంటున్నాడు. ఆ ఆట సంగతి నాకు తెలిసింది తక్కువ. కర్రనీ క్లబ్బే అంటారట, ఆడే చోటునీ క్లబ్బే అంటారట! ఒక్కొక్కరి సంచిలో 14 కర్రల దాకా ఉండవచ్చట. ఒక్క బంతిని కొట్టడానికి అన్ని కర్రలెందుకురా అంటే, “నీ వంటింట్లో గరిటెలెన్ని ఉన్నాయో లెక్కపెట్టుకో” అన్నాడు. మరి మాట్లాడలేదు నేను.

ఇంతింత ఖరీదు పెట్టి కొనుక్కున్న కర్రల్ని ఎలా పారేసుకుంటారో కూడా వాడే చెప్పాడు. గుంట దగ్గర పడేసరికి ఆటగాడు రెండు కర్రలు పట్టుకొస్తాడట. ఒకదానితో బంతిని లేపి నున్నటి పచ్చిక మీదికి చేరుస్తాడు. దాన్ని పక్కన గడ్డిలో పడుకోబెట్టి, రెండోదానితో బంతిని గుంటలోకి నెడతాడు. బంతి పడితే ఆ సంతోషంలోనూ, పడకపోతే ఆ దుఃఖంలోనూ, చేతిలో ఉన్న కర్రతో ముందుకు నడిచిపోతాడు. గడ్డిలోది గడ్డిలోనే ఉండిపోతుంది.

నాకు నవ్వొచ్చింది. చంకలో పిల్లా, చేతిలో సంచీ పెట్టుకుని, చిల్లర తీయడానికని గొడుగు పక్కన పెట్టి బస్సెక్కేసే మనం చేసేది మాత్రం వేరేనా? చేతిలో ఉన్నది గుర్తుంటుంది, కింద పెట్టింది మరుపొస్తుంది. ఈ విషయంలో పెద్ద ఆఫీసరుకీ ఇల్లాలికీ తేడా లేదు సుమండీ.

“సరే, మరి దాన్ని ఇంటికెందుకు తెచ్చావు?”

“అక్కడే వదిలేస్తే ఎవరైనా పట్టుకుపోతారని కారులో పడేశాను. ఆదివారం మళ్లీ వెళ్తాగా, ఇచ్చేస్తాలే.”

మంచి పిల్లాడే. దొంగబుద్ధి వాడి ఒంట్లో లేదు. అయినా ఆ మాట వినగానే నా గుండె గుబేలుమంది. ఎందుకంటే 1978లో నౌపడ స్టేషన్లో అచ్చంగా ఇదే మాట నాలో నేను అనుకున్నాను.

నౌపడ అనగానే మా శ్రీకాకుళం జిల్లావాళ్లకు ఉప్పు గుర్తుకొస్తుంది. ఎండాకాలంలో కనుచూపు మేర ఉప్పుమళ్లు, వాటి మధ్య తెల్లటి కుప్పలు. రెండోది జంక్షను. పెద్దలైను బండి దిగి, పర్లాకిమిడి వెళ్లేవాళ్లు అక్కడే చిన్నబండి ఎక్కాలి. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ లైను 1900లో మొదలైంది. 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. ఆ చిన్నబండి 2004లో ఆగిపోయి, 2011లో అదే దారిన పెద్దబండి వచ్చింది. నేను చెప్పేది బొగ్గింజను రోజుల సంగతి. మావారి ఉద్యోగం కోసం అప్పుడు మేము ఆ ఊళ్లో ఉండేవాళ్లం.

ఓ సాయంత్రం పుట్టింటి నుంచి వచ్చి బండి దిగాను. చిన్నబండి అప్పుడే కదిలిపోయింది. ప్లాట్‌ఫారం ఖాళీ. ఆ చివర పల్లీలమ్మే కుర్రాడొక్కడు, పన్నెండేళ్లుంటాయేమో, బుట్ట సర్దుకుంటున్నాడు. నా ముందున్న బెంచీ మీద ఓ గుడ్డసంచి. తీసి చూద్దును గదా, మందుసీసా, ఆసుపత్రి చీటీలు, కొంగుముక్కలో కట్టిన కాసిని రూపాయలు.

అయ్యో, ఎవరిదో పాపం, ఇక్కడుంటే ఎవరైనా ఎత్తుకుపోతారు అనుకున్నాను. స్టేషన్లో అప్పగిద్దామా అంటే రిక్షా అబ్బి తొందరపెడుతున్నాడు, చీకటి పడుతోంది. పొద్దున్నే వచ్చి ఇద్దాంలే అని ఇంటికి పట్టుకుపోయాను.

ఇంకోటి కూడా ఉంది, దాచడమెందుకు? ఆ సంచి నా చేతులతో నేనే ఇచ్చి, ఆ మనిషి మొహంలో సంతోషం చూడాలని ఓ మూల ఆశ. మంచిపని చేసేటప్పుడు కూడా మనకో చిన్న వాటా కావాలి మరి!

తెల్లారి వెళ్లేసరికి అదే బెంచీ కింద ఓ ముసలమ్మ ముడుచుకుని కూర్చునుంది. రాత్రి టెక్కలి చేరాక సంచి గుర్తొచ్చి, బండి దిగి, పట్టాల వెంబడే నడుచుకుంటూ వచ్చిందట. బెంచీ ఖాళీ. గోలుమంది. పెద్దబండి కోసం కాచుకున్న ప్రయాణికులు పోగయ్యారు. ఇక్కడ తిరిగేదెవరు? పల్లీల కుర్రాడు. ఇంకెవరు తీస్తారు? వాడి జేబులు తిరగేశారు, బుట్ట బోర్లించారు, రెండు దెబ్బలు కూడా వేశారు.

నేను సంచి చేతికిస్తే ముసలమ్మ కళ్లకద్దుకుంది. తర్వాత ఒకే ఒక్క మాట అంది.

“నాను పెట్టిన సోటే ఉంటాది గదా అని నడిసొచ్చినానమ్మా. నువ్వు దాసినావు, మంచిదే. ఆ మాట ఈడ ఒకలికి సెప్పి ఎలితే ఏటి పోయేది?”

తప్పు కుర్రాడిది కాదని అక్కడున్నవాళ్లందరికీ చెప్పాను. ఏం లాభం? కొట్టినవాళ్లు రాత్రి బండికే వెళ్లిపోయారు. వాళ్లకు ఎవరు చెబుతారు? నౌపడలో ఓ దొంగపిల్లాణ్ణి పట్టుకున్నామని వాళ్లు ఈనాటికీ ఎక్కడో చెప్పుకుంటూనే ఉంటారు. ఆ తర్వాత మేము రెండేళ్లు ఆ ఊళ్లో ఉన్నాం. ఆ కుర్రాడు ప్లాట్‌ఫారం మీద అందరి దగ్గరికీ బుట్ట పట్టుకొచ్చేవాడు. నా దగ్గరికి మాత్రం ఎప్పుడూ రాలేదు.

అప్పటి నుంచీ దొరికిన వస్తువు గురించి నాకు ఎడతెగని ఆలోచన. పరాయి సొమ్ము పామువంటిదని చిన్నప్పుడు మనకు నేర్పారు. ముట్టుకోకపోతే పాపం లేదన్నారు. కానీ కళ్లెదుట చూసి వదిలేసి వెళితే, దాన్ని దొంగకు అప్పగించినట్టే కదా? పోనీ తీస్తే, వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు ఖాళీ బెంచీ మిగులుతుంది. ఏది మర్యాద? మీరే చెప్పండి.

మా అన్నయ్య ప్లీడరీ చేసినవాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 71వ సెక్షను చదివి వినిపించాడోసారి. దొరికిన పరాయి వస్తువును మన స్వాధీనంలోకి తీసుకున్నామా, అది మన దగ్గర దాచమని ఇచ్చిన సొత్తులాంటిదే, ఆ బాధ్యతంతా మనదేనట. మనుస్మృతి ప్రకారం రాజు అలాంటి సొమ్మును మూడేళ్లు భద్రపరచాలి. యాజ్ఞవల్క్యుడు ఏడాదే గడువిచ్చాడు. నాదీ అని వచ్చినవాడు దాని రూపం, సంఖ్య, పోయిన చోటు, పోయిన వేళ చెప్పగలగాలి. అబద్ధమాడితే జరిమానా. ఇన్ని చెప్పారుగానీ, సొంతదారు తిరిగొచ్చేదాకా అనుమానం ఎవరి మీద వాలుతుందో, వాణ్ణి కాపాడే సూత్రం మా అన్నయ్య చదివినవాటిలో నాకు వినపడలేదు.

నన్నడిగితే ఆ సూత్రం ముసలమ్మే చెప్పింది. పారేసుకున్నవాళ్లకు గుర్తొచ్చేది ముందు చోటు. బెంచీ మీద, బావిగట్టు మీద, గుడి మెట్ల మీద అని చోటు వెతుక్కుంటూ వస్తారు. కాబట్టి వస్తువును కదిపితే కదపండి, కబురు మాత్రం అక్కడే వదలండి. పక్క దుకాణంలోనో, స్టేషన్లోనో, ఆ దరిదాపుల్లో రోజూ ఉండే మనిషితోనో ఓ మాట చెప్పాలి. పల్లీల కుర్రాడితోనే, “ఒరే అబ్బాయ్, ఈ సంచి ఫలానా ఇంట్లో ఉంది” అని నేను చెప్పి ఉంటే, రాత్రి దెబ్బలు తినాల్సినవాడు ముసలమ్మకు దారి చూపించేవాడు. వాణ్ణి నమ్మడానికి నాకు మనసు రాలేదు. నిజానికి వాణ్ణి మొదట అనుమానించింది ఆ ప్రయాణికులు కాదు, నేనే.

ఇదంతా చెప్పి మావాణ్ణి అడిగాను. “మీ మైదానంలో సంచులు మోసే కుర్రాళ్లుంటారా?”

“ఉంటారు. కాడీలంటారు.”

“ఆదివారం దాకా ఆ కర్ర ఎవరు తీశారనుకుంటారు?”

వాడి మొహంలో నవ్వు పోయింది. “దొరికితే క్లబ్బు ఆఫీసులో ఇవ్వాలి పెద్దమ్మా. ఎక్కడ ఆడినా చివరికి అందరూ అక్కడికే తిరిగొస్తారు” అని గొణిగాడు. చూశారా, పద్ధతి తెలియక కాదు! ఆ ఆటలో పోయిన బంతిని మూడు నిమిషాలే వెతకాలట. 2019కి ముందు అయిదు నిమిషాలు ఉండేదట. బంతికైతే గడువుంది గానీ, మనిషి మీద పడిన మాటకు గడువెక్కడిది?

వాడు అప్పటికప్పుడు ఫోను చేశాడు. కర్రగలాయన పొద్దుటి నుంచి రెండుసార్లు వాకబు చేశాడట. ఎవరి గురించి వాకబు చేశాడో మావాడు అడగలేదు, నేనూ అడగమనలేదు. “ఇదిగో వస్తున్నా, నా దగ్గరే ఉంది, నేనే తెచ్చేశాను, అక్కడందరికీ చెప్పండి” అన్నాడు. ఆ చివరి మాట విని నా ప్రాణం కుదుటపడింది.

కాఫీ కూడా తాగకుండా కర్ర పట్టుకుని పరుగెత్తాడు. పావుగంట తర్వాత చూద్దును గదా, వాడి కళ్లజోడు మా సోఫా చేతి మీద ఉంది. కర్ర అందుకోవడానికి అక్కడ పెట్టుంటాడు. మావారు దాన్ని తీసి బీరువాలో భద్రంగా పెట్టబోయారు.

“అక్కడే ఉంచండి” అన్నాను. “వాడు వెతుక్కుంటూ వచ్చేది సోఫా దగ్గరికే.”